ముప్పై దాటాక ఫిజిక్స్ మొదలెట్టిన స్వామీజీ

ముందు ఒక రెజ్యుమె చూడండి. పుట్టింది 1896లో, భీమవరం దగ్గర ఓ పల్లెటూళ్లో. హైస్కూలు చదువు నర్సాపురంలో. ఆ తర్వాత సుమారు పదేళ్లు ఉద్యోగం లేదు, సర్టిఫికెట్ లేదు, హిమాలయాల్లో ధ్యానం. ముప్పయ్యో ఏట జర్మనీ ప్రయాణం, అదీ కొలువు కోసం కాదు, యోగం గురించి ఉపన్యాసాలివ్వడానికి. 1936లో ప్రాగ్‌లో డీఎస్సీ. నలభై దాటాక దేశం మారి, పరిశోధనాంశమూ మారి, ఇంగ్లండులో పీహెచ్‌డీ. యాభై ఏళ్లకి ఇండియా. ఇంకో తొమ్మిదేళ్లకి, అంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసులో, ఓ యూనివర్సిటీలో కొత్తగా పుట్టిన డిపార్ట్‌మెంట్‌కి అధిపతి.

ఇప్పటి కంపెనీలు వాడే రెజ్యుమె స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌కి దీన్ని పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక నాకొచ్చిన పద్నాలుగు నెలల ఖాళీ గురించి ఓ ఇంటర్వ్యూలో అడిగితేనే నా గొంతు తడారిపోయింది. ఈయనది పదేళ్లు!

ఆయన స్వామి జ్ఞానానంద. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. వైజాగ్‌లో చదివినవాళ్లకి ఆంధ్రా యూనివర్సిటీ న్యూక్లియర్ ఫిజిక్స్ లాబ్‌ల బోర్డు మీద ఆ పేరు కనిపించే ఉంటుంది. మన నెల్లూరు తీరంలో పెరిగినవాళ్లం మాత్రం చిన్నప్పట్నుంచీ ఆకాశం వైపే చూశాం. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మేడలెక్కడం, బడికి సెలవు పెట్టి పులికాట్ దాకా వెళ్లడం. అణువు లోపలికి చూసిన మనవాడు ఒకాయన ఉన్నాడని నాకు తెలిసింది ఇంజినీరింగ్ అయిపోయాకే. అందుకే ఈ కథ.

గొరగనమూడి నుంచి డ్రెస్డెన్

పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896 డిసెంబరు 5న పుట్టారు. తండ్రి రామరాజు గారి దగ్గర వేదశాస్త్రాల పుస్తకాలు చాలా ఉండేవి. పిల్లాడు వాటి మధ్యే పెరిగాడు. నర్సాపురం టేలర్ హైస్కూల్లో చదువుకున్నాడు. చదువు తర్వాత మనసు లౌకిక వ్యవహారాల వైపు పోలేదు. ఇల్లు వదిలి ఉత్తరాదికి, నేపాల్‌కి, హిమాలయాలకి వెళ్లాడు. సన్యాసం తీసుకుని జ్ఞానానంద అయ్యాడు. ఆ పదేళ్ల గురించి భక్తులు చెప్పుకునే కథలు వేరే ఉన్నాయి, వాటిలోకి నేను పోను.

1927లో జర్మనీ వెళ్లారు. రెండు యుద్ధాల నడుమ కాలం అది. యోగం, వేదాంతం గురించి చెప్పే భారతీయుడికి అక్కడ శ్రోతలు దొరికేవాళ్లు. అలా ప్రసంగాలు చేస్తూ తిరుగుతూ డ్రెస్డెన్ చేరారు. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం మీద విన్న ఉపన్యాసం ఆయన్ని ఫిజిక్స్ వైపు లాగిందని అంటారు. కాలం, స్థలం, పదార్థం గురించి తాను ఆలోచించేది ఒక దారి. అవే విషయాలను లెక్కలతో తేల్చేస్తున్నవాళ్లది ఇంకో దారి.

ఇక్కడే నన్ను ఆపేసే విషయం ఒకటుంది. అలాంటి ఉపన్యాసం విన్న ఏ స్వామీజీ అయినా మర్నాడు తన ప్రసంగంలో ఐన్‌స్టీన్ పేరు కలిపేసుకుని, ఇదంతా మన శాస్త్రాల్లో ఎప్పుడో ఉందని చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు. అది చాలా తేలిక, ఇవాళ్టికీ నడుస్తున్న వ్యాపారం. ఈయన ఆ పని చేయకుండా క్లాసులో కూర్చున్నారు. ముప్పై దాటిన వయసులో, పరాయి భాషలో, గణితం, భౌతికశాస్త్రం మొదటి నుంచి నేర్చుకున్నారు. ఉపన్యాసకుడి కుర్చీలోంచి లేచి విద్యార్థుల బెంచీ మీదికి మారడం. ఆయన జీవితంలో పెద్ద మలుపు హిమాలయాలు కాదు, ఆ బెంచీ అని నా అభిప్రాయం.

ఏమీ లేకపోవడాన్ని తయారుచేయడం

డ్రెస్డెన్ తర్వాత ప్రాగ్. అక్కడి చార్లెస్ యూనివర్సిటీలో ఎక్స్-రే స్పెక్ట్రోస్కోపీకి పెద్ద దిక్కు వాత్స్‌లావ్ డొలెయ్‌షెక్. ఎక్స్-రే కొలతలకి 1924 నోబెల్ అందుకున్న స్వీడన్ శాస్త్రవేత్త మాన్నె సీగ్‌బాన్ దగ్గర పని నేర్చుకుని వచ్చినవాడు. జ్ఞానానంద ఆ రంగంలోనే పరిశోధన చేసి 1936లో డీఎస్సీ తెచ్చుకున్నారు.

ఎక్స్-రే స్పెక్ట్రోస్కోపీ అంటే, ఒక మూలకం నుంచి వచ్చే ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యాన్ని కచ్చితంగా కొలవడం. కిరణాన్ని ఓ స్ఫటికం మీద పడేస్తారు. ఏ కోణంలో తిరిగి వస్తుందో చూస్తే తరంగదైర్ఘ్యం తెలుస్తుంది. ఇంటర్‌లో చదివిన బ్రాగ్ సూత్రమే. చిక్కెక్కడంటే, తరంగదైర్ఘ్యం ఎక్కువున్న మెత్తటి ఎక్స్-కిరణాలను గాలే మింగేస్తుంది. కాబట్టి పరికరం మొత్తం శూన్యంలో ఉండాలి. కొలత బాగుండాలంటే ముందు శూన్యం బాగుండాలి.

బయటి గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని మిల్లీమీటరులో పదివేలో వంతు, లక్షో వంతు దాకా దించాలి. బటన్ నొక్కితే అయ్యే పని కాదది, అప్పట్లో మరీ కాదు. ముందు ఒక పంపు మోటుగా గాలి లాగాలి. దాని మీద పాదరసం ఆవిరితో నడిచే డిఫ్యూజన్ పంపు. గాజు గొట్టాల అతుకులు, మైనం, గ్రీజు. ఎక్కడో వెంట్రుకవాసి సందు ఉంటుంది, అది దొరకదు. సందే లేకపోయినా లోపల వేలిముద్ర జిడ్డు ఉంటే అది ఆవిరవుతూనే ఉంటుంది. మర మేకు బిగించిన గుంటలో చిక్కుకున్న గాలి రోజుల తరబడి మెల్లగా బయటికొస్తూ, లీకు ఉన్నట్టే భ్రమపెడుతుంది. ఇంత చేశాక శూన్యం ఎంత వచ్చిందో కొలవాలి కదా? దానికి మెక్‌లియాడ్ గేజ్. 1874 నాటి తెలివైన గాజు పరికరం. మిగిలిన కొంచెం గాలినీ పాదరసంతో ఒక సన్నని గొట్టంలోకి నెట్టి, నొక్కి, ఆ మట్టాల తేడా నుంచి అసలు పీడనం లెక్కగడతారు.

కోడింగ్ చేసేవాళ్లకి ఒక మాటలో చెబితే ఇదంతా డీబగ్గింగ్. కాకపోతే స్టాక్ ట్రేస్ రాదు. పంపు చప్పుడు, పాదరసం మట్టం, మీ ఓపిక, అంతే.

ఈ పనిలో ఆయనకి చేయి తిరిగింది. ఆ తర్వాత ఏ దేశం వెళ్లినా, ఏ సబ్జెక్టు పట్టుకున్నా ఆ చేతిపని వెంట వెళ్లింది. నేను ఈ జీవితకథలో పట్టుకున్న దారం అదే, అందుకే ఇంతసేపు ఇక్కడ నిలబడ్డాను.

గురువుకీ ఉంది నాలుగేళ్ల గ్యాప్

1939 మార్చిలో హిట్లర్ సేనలు ప్రాగ్‌లోకి వచ్చాయి. అదే ఏడాది నవంబరు 17న చెక్ యూనివర్సిటీలన్నీ మూతపడ్డాయి. యుద్ధం మొదలైతే బ్రిటిష్ ఇండియా మనిషి అక్కడ శత్రుదేశస్థుడే. జ్ఞానానంద ఇంగ్లండు చేరుకున్నారు. డొలెయ్‌షెక్ అక్కడే ఉండిపోయాడు. నాజీలకి ఎదురు తిరిగినందుకు పట్టుబడి 1945 జనవరిలో తెరెజీన్ నిర్బంధంలో చనిపోయాడు.

ఇంగ్లండులో ఆయన చేరింది లివర్‌పూల్ యూనివర్సిటీ, జేమ్స్ చాడ్విక్ దగ్గర. న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్. 1932లో కనిపెట్టాడు, 1935లో నోబెల్ వచ్చింది.

చాడ్విక్ గురించి ఒక పిట్టకథ. 1914లో, 22 ఏళ్ల వయసులో, బెర్లిన్‌లో ఉండి ఆయన ఒక పెద్ద విషయం పట్టుకున్నాడు. బీటా వికిరణంలో వచ్చే ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకే శక్తి ఉండదని, సున్నా నుంచి ఒక గరిష్ఠం దాకా అన్ని శక్తులూ ఉంటాయని. ఈ చిక్కుముడి విప్పడానికే 1930లో పౌలి న్యూట్రినో లాంటి కణం ఉండాలని ప్రతిపాదించాడు. సరే, చాడ్విక్ ఆ పనిలో ఉండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిషువాడు కాబట్టి జర్మన్లు పట్టుకెళ్లి రూలేబెన్ అనే గుర్రప్పందేల మైదానంలో నిర్బంధించారు. నాలుగేళ్లు గుర్రాల కొట్టంలో కాపురం. అక్కడ కూడా ఊరుకోలేదు. ఆ రోజుల్లో జర్మనీలో థోరియం కలిపిన టూత్‌పేస్టు అమ్మేవాళ్లు, దాన్నే రేడియోధార్మిక పదార్థంగా వాడుకుని ప్రయోగాలు చేశాడు! గ్యాప్ ఇయర్స్ అంటే ఇవీ.

అలాంటి మనిషి దగ్గరికి నలభై దాటిన శిష్యుడు వెళ్లాడు. పరిశోధనాంశం బీటా కిరణాల స్పెక్ట్రోస్కోపీ, అంటే పాతికేళ్ల కిందట ఆ గురువు తెరిచిన తలుపే. ఎక్స్-కిరణాల నుంచి బీటా కిరణాలకు మారడమంటే పరమాణువు బయటి పొరల్లోంచి కేంద్రకంలోకి దిగడం. సిద్ధాంతం కొత్తది. పరికరం మాత్రం పాత చుట్టమే. బీటా స్పెక్ట్రోమీటర్‌లో ఎలక్ట్రాన్లని అయస్కాంత క్షేత్రంలో వంచుతారు. వేగంగా పోయేది పెద్ద వంపు తిరుగుతుంది, నెమ్మదిగా పోయేది చిన్న వంపు. ఎక్కడ పడిందో చూసి శక్తి లెక్కగడతారు. దారిలో గాలి ఉంటే ఎలక్ట్రాన్ చెదిరిపోతుంది. కాబట్టి మళ్లీ శూన్యం కావాలి. ప్రాగ్‌లో నేర్చిన విద్య లివర్‌పూల్‌లో అన్నం పెట్టింది.

బయట పరిస్థితి ఏంటంటే, 1941 మే నెలలో లివర్‌పూల్ మీద వారం రోజులు వరుసగా బాంబులు కురిశాయి. చాడ్విక్ సగం బుర్ర బ్రిటన్ రహస్య అణు కార్యక్రమం మీదే ఉంది, 1943 చివర్లో ఆయన అమెరికాకే వెళ్లిపోయాడు. పీహెచ్‌డీ గైడు అందుబాటులో ఉండడని మనం పెట్టే ఫిర్యాదులు గుర్తొచ్చి నాకు కొంచెం నవ్వొచ్చింది.

మైపాడు నీళ్లలో ఒక ప్రయోగం

చాడ్విక్ పేరు మీద ఇంకో తలుపు కూడా ఉంది. 1934లో కేంబ్రిడ్జిలో ఆయనా, మారిస్ గోల్డ్‌హేబర్ అనే కుర్ర శాస్త్రవేత్తా కలిసి, భార హైడ్రోజన్ కేంద్రకాన్ని గామా కిరణంతో రెండు ముక్కలు చేశారు. 2.62 ఎంఈవీ, అంటే ఇరవై ఆరు లక్షల ఎలక్ట్రాన్ ఓల్టుల గామా కిరణం అది. కాంతితో కేంద్రకాన్ని పగలగొట్టడం అదే మొదలు. దాన్నే ఫోటోన్యూక్లియర్ చర్య అంటున్నాం. ఆ దారిలో ఇవాళ ఎలాంటి కొలతలు చేస్తున్నారో మన తీరం నుంచే ఓ ఉదాహరణ చెబుతాను. ఈ ప్రయోగం స్వామీజీ చేశారని కాదు. ఆయన జీవితమంతా చేసిన పని ఎలాంటిదో ఇందులో బాగా తెలుస్తుంది.

మైపాడు బీచ్‌లో లీటరు సీసాతో సముద్రపు నీళ్లు పట్టుకోండి. ఉప్పు అందరికీ తెలుసు, ఇస్కపల్లి మడుల్లో పండేది అదే. దాంతోపాటు ఆ సీసాలో సుమారు 8 మిల్లీగ్రాముల స్ట్రాన్షియం కూడా ఉంటుంది. కాల్షియంకి తమ్ముడు లాంటి లోహం. ఆల్చిప్పల్లోనూ కొద్దిగా చేరుతుంది. అణుబాంబుల వార్తల్లో వినే ప్రమాదకరమైన స్ట్రాన్షియం-90 కాదిది, భయపడక్కర్లేదు. ఇది ప్రకృతిలో ఉండే స్ట్రాన్షియం, నాలుగు ఐసోటోపుల మిశ్రమం. వంద పరమాణువులు తీసుకుంటే దాదాపు 83 స్ట్రాన్షియం-88, పది 86, ఏడు 87. 84 అనేది నూటికి ఒకటి కూడా రాదు.

దీని మీద 20 ఎంఈవీ దాకా శక్తి ఉన్న గామా కిరణాలు పడేస్తే ఏమవుతుంది? స్ట్రాన్షియం-86 నుంచి ఒక న్యూట్రాన్ ఊడిపోయి 85 మిగులుతుంది. ఆ న్యూట్రాన్ ఊడాలంటే కనీసం 11.5 ఎంఈవీ కావాలి. ఇక్కడ అసలు తమాషా. అలా పుట్టిన స్ట్రాన్షియం-85 రెండు రూపాల్లో ఉంటుంది. ప్రోటాన్లు అవే, న్యూట్రాన్లు అవే. ఒకటి కింది అంతస్తులో ప్రశాంతంగా ఉంటుంది, అర్ధాయువు 65 రోజులు. రెండోది కాస్త ఎక్కువ శక్తితో పై అంతస్తులో ఇరుక్కుపోతుంది, అర్ధాయువు 68 నిమిషాలు. దీన్ని ఐసోమర్ అంటారు. వెంటనే కిందికి ఎందుకు దూకదంటే, రెండు అంతస్తుల స్పిన్‌లు బొత్తిగా కలవవు. కిందిది తొమ్మిది బై రెండు, పైది ఒకటి బై రెండు. అంత తేడాని ఒక్క దూకుడులో వదిలించుకోవడం కేంద్రకానికి కష్టం. మెట్లు లేని మేడ అనుకోండి.

ఎన్ని కేంద్రకాలు పై అంతస్తులో పుట్టాయి, ఎన్ని కింద పుట్టాయి? ఈ నిష్పత్తే ఐసోమెరిక్ యీల్డ్ రేషియో. ఎందుకు కొలుస్తారంటే, కేంద్రకం పగిలేటప్పుడు లోపల స్పిన్ ఎలా పంపకమవుతుందో మనం కళ్లతో చూడలేం. ఈ నిష్పత్తి దాని ఆనవాలు. గామా కిరణం తనతో తెచ్చే స్పిన్ ప్రధానంగా ఒక్క యూనిటే. స్ట్రాన్షియం-86 స్పిన్ సున్నా. కాబట్టి తక్కువ స్పిన్ ఉన్న పై అంతస్తు వైపు మొగ్గు ఉంటుంది. అదే 85ని ఆల్ఫా కణంతో ఢీకొట్టి తయారుచేస్తే స్పిన్ ఎక్కువ వస్తుంది, కింది అంతస్తు వాటా పెరుగుతుంది. కేంద్రక సిద్ధాంతాలు చెప్పే సంఖ్య, కొలిచిన సంఖ్య కలుస్తాయా లేదా అన్నది పరీక్ష.

కొలత చెప్పినంత తేలిక కాదు. స్ట్రాన్షియం ఉన్న పొడిని ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ ముందు పెడతారు. ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్ లాంటి లోహాన్ని కొట్టినప్పుడు పుట్టే గామా కిరణాలు దాని మీద పడతాయి. తర్వాత పొడిని తీసి జెర్మేనియం డిటెక్టర్ ముందు పెడతారు. ఐసోమర్ 232 కేఈవీ గామాతో తన ఉనికి చెబుతుంది. గంటకి పైచిలుకు సమయంలో సగమైపోతుంది, మర్నాటికి దాదాపు ఉండదు. కింది అంతస్తుది 514 కేఈవీ గీత. దీన్ని వారాల తరబడి లెక్కించవచ్చు. కానీ దాని పక్కనే, మూడే మూడు కేఈవీల దూరంలో, 511 దగ్గర ఇంకో గీత కూర్చుని ఉంటుంది. పాజిట్రాన్, ఎలక్ట్రాన్ కలిసి మాయమైనప్పుడు వచ్చేది. ఎక్కడ చూసినా ఉండే గీత. పాత సోడియం అయొడైడ్ డిటెక్టర్‌కి ఈ రెండూ ఒకే ముద్దలా కనిపిస్తాయి. మంచి జెర్మేనియం డిటెక్టర్ విడదీస్తుంది, అదీ జాగ్రత్తగా ఉంటేనే.

ఇంకో మెలిక. పై అంతస్తులోవి నూటికి 87 దాకా చివరికి కింది అంతస్తుకే దిగుతాయి. కింద లెక్కపెట్టినవాటిలో మొదటినుంచీ అక్కడే పుట్టినవెన్ని, పైనుంచి దిగినవెన్ని? ఆ భాగం తీసేయాలి. శక్తి 20 ఎంఈవీ దాటితే స్ట్రాన్షియం-87 నుంచి రెండు న్యూట్రాన్లు ఊడి కూడా 85 పుడుతుంది. సహజ మిశ్రమం వాడితే ఆ కల్తీ లెక్క కూడా చూసుకోవాలి. స్ట్రాన్షియం-88 సంగతి ఇంకా తమాషా. ఒక న్యూట్రాన్ ఊడితే 87 వస్తుంది. దాని ఐసోమర్ 2.8 గంటలు ఉండి 388 కేఈవీ గామా ఇస్తుంది. కింది అంతస్తు మాత్రం స్థిరమైనది, అసలు కిరణమే ఇవ్వదు. లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి ఈ పద్ధతిలో అక్కడ నిష్పత్తి దొరకదు.

మరి బీటా స్పెక్ట్రోమీటర్‌కి ఇక్కడ పనేంటి? ఐసోమర్ కిందికి దిగేటప్పుడు ప్రతిసారీ గామా ఇవ్వదు. కొన్నిసార్లు ఆ శక్తిని తన పరమాణువులోని ఎలక్ట్రాన్‌కే ఇచ్చి బయటికి తోసేస్తుంది. స్ట్రాన్షియం-87 ఐసోమర్ ఇచ్చే 388 కేఈవీలో లోపలి ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి 16 పోతే, 372 కేఈవీతో ఎలక్ట్రాన్ వస్తుంది. ఎన్ని ఎలక్ట్రాన్లు, ఎన్ని గామాలు అని పోల్చితే ఆ రెండు అంతస్తుల స్పిన్ తేడా ఎంతో చెప్పొచ్చు. కేంద్రకాల అంతస్తుల పటాలు గీసినవాళ్లు దశాబ్దాలపాటు చేసింది ఈ పనే. జ్ఞానానంద ఆ వర్గం మనిషి.

ఈ కొలతలు చేసే చోట్లు ప్రపంచంలో మరీ ఎక్కువేం లేవు. దక్షిణ కొరియాలోని పోహాంగ్ యాక్సిలరేటర్ దగ్గర ఈ తరహా ఐసోమర్ నిష్పత్తులు చాలా కొలిచారు, ఆ బృందాల్లో ట్రాంబే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లూ ఉన్నారు. మంగళూరు యూనివర్సిటీలో 8 ఎంఈవీ మైక్రోట్రాన్ ఉంది. స్ట్రాన్షియం-86 నుంచి న్యూట్రాన్ ఊడదీయడానికి ఆ శక్తి చాలదని పైన ఇచ్చిన 11.5 చూసి మీకే అర్థమైపోయి ఉంటుంది.

అమెరికా, ఢిల్లీ, వాల్తేరు

లివర్‌పూల్ తర్వాత ఆయన అమెరికాలో మిచిగన్ యూనివర్సిటీకి వెళ్లి, యాన్ ఆర్బర్‌లో రేడియోధార్మిక ఐసోటోపుల మీద బీటా స్పెక్ట్రోమీటర్‌తో పనిచేశారు. 1947లో న్యూయార్క్‌లోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ ఆయన పుస్తకం 'హై వేక్యువా' వేసింది. అధిక శూన్యం వెనకున్న సూత్రాలు, దాన్ని తయారుచేయడం, కొలవడం, ఇవీ అందులో విషయం. రచయిత పేరు దగ్గర స్వామి జ్ఞానానంద అని ఉన్న పంపుల, గేజుల పుస్తకం! అమెరికన్ ఇంజినీర్లు ఆ అట్ట చూసి ఏమనుకుని ఉంటారో అని నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది. కానీ ఆయన వైపు నుంచి చూస్తే న్యాయమే. డ్రెస్డెన్ బెంచీ మీద మొదలై ప్రాగ్, లివర్‌పూల్, యాన్ ఆర్బర్ దాకా చేతులతో నేర్చుకున్నదంతా ఒక చోట రాసిపెట్టారు.

ఆ ఏడాదే ఇండియా వచ్చి ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్‌గా చేరారు. ఆ సంస్థకి శంకుస్థాపన జరిగింది కూడా 1947 జనవరిలోనే, ప్రారంభమైంది 1950లో. కట్టడాలు లేస్తున్న కాలం, పరికరాలన్నీ సమకూర్చుకోవాల్సిన కాలం.

1954లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు. వి.ఎస్. కృష్ణ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజులు. 1956లో అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్‌కి విడిగా డిపార్ట్‌మెంట్ ఏర్పడింది, దానికి ఆయన అధిపతి. అదే సంవత్సరం ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది, ఆసియాలోనే మొదటిది. ట్రాంబే వెనక కేంద్ర ప్రభుత్వం డబ్బుంది. వాల్తేరులో ఉన్నది యూనివర్సిటీ బడ్జెట్. రియాక్టర్ లేదు, పెద్ద యాక్సిలరేటర్ లేదు. కానీ బీటా, గామా స్పెక్ట్రోస్కోపీకి అవి తప్పనిసరి కాదు. రేడియోధార్మిక నమూనా ఒకటి, స్పెక్ట్రోమీటర్, మంచి శూన్యం, లెక్క తప్పని చేయి ఉంటే సముద్రం పక్కన కొండ మీద కూర్చుని కూడా ప్రపంచం చదివే కొలత ఒకటి ఇవ్వొచ్చు. చేతిలో ఉన్నదానితో ఏ ప్రశ్న అడగొచ్చో తెలిసిన మనిషి ఎంచుకునే దారి అది. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పిల్లలు కేంద్రక భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీలు చేయడానికి బొంబాయో కేంబ్రిడ్జో వెళ్లనక్కర్లేకుండా పోయింది.

మన సంగతికొస్తే, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ న్యూక్లియర్ ఫిజిక్స్ ఉంది. భాభా కేంద్రం ట్రైనింగ్ స్కూల్ 1957 నుంచి నడుస్తోంది. ఇంజినీర్లనీ, సైన్స్ పీజీలనీ తీసుకుని స్టైపెండ్ ఇచ్చి ఏడాది చదివిస్తారు. నెల్లూరు నుంచి తీరం వెంటే దక్షిణంగా వెళ్తే కల్పాక్కం. ఇవి చాలామందికి తెలిసినవే. ఎక్కువమందికి తట్టని దారి ఆసుపత్రి. క్యాన్సర్ చికిత్సకి వాడే లీనియర్ యాక్సిలరేటర్ 10 ఎంఈవీ దాటిన శక్తితో నడిచినప్పుడు దాని తలలోని లోహాల నుంచి న్యూట్రాన్లు ఊడతాయి. చాడ్విక్, గోల్డ్‌హేబర్ చేసిన చర్యే, ఈసారి అక్కర్లేని చోట. ఆ గది తలుపు ఎంత మందం ఉండాలో, సిబ్బందికి ఎంత మోతాదు తగులుతుందో చూసేది మెడికల్ ఫిజిసిస్ట్, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్. స్కానింగ్‌కి వాడే టెక్నీషియం-99ఎం ఒక ఐసోమరే, ఆ 'ఎం' దానికి గుర్తు. అర్ధాయువు ఆరు గంటలు. అది అంతగా వాడుకలోకి రాకముందు ఎముకల స్కానింగ్‌కి మనం పైన చూసిన స్ట్రాన్షియం-87 ఐసోమర్‌నే వాడేవాళ్లు. ఇక శూన్యం పని తెలిసినవాళ్లకి సెమీకండక్టర్ ఫ్యాక్టరీల్లో, సోలార్ ప్యానెళ్ల తయారీలో, అంతరిక్ష పరికరాల పరీక్షల్లో చోటుంది. కాలేజీ లాబ్‌లో మూల పడి ఉన్న వాక్యూమ్ పంపు మీద దుమ్ము ఒకసారి తుడిచి, నడుస్తుందేమో చూడండి. ల్యాబ్ అసిస్టెంట్ అన్నని అడిగితే సంతోషంగా చూపిస్తాడు, ఎవరూ అడగరు కాబట్టి.

జ్ఞానానంద దాదాపు పదేళ్లు ఆ డిపార్ట్‌మెంట్ నడిపారు. రిటైరయ్యాక ఆ లాబ్‌లకి స్వామి జ్ఞానానంద లేబొరేటరీస్ ఫర్ న్యూక్లియర్ రీసెర్చ్ అని పేరు పెట్టారు. పుట్టినప్పటి పేరు ఎక్కడా లేదు, ప్రొఫెసర్ అన్న మాట కూడా లేదు. సన్యాసంలో వచ్చిన పేరే ఫిజిక్స్ లాబ్ మీద నిలిచింది.

1969 సెప్టెంబరు 21న ఆయన పోయారు. ఐదు వారాలకి, అక్టోబరు 28న, తారాపూర్‌లో దేశపు మొదటి అణు విద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. రాకెట్ల కోసం మన తీరంలో శ్రీహరికోటని ఎంపిక చేసింది కూడా ఆ ఏడాదే. అక్కడి నుంచి తొలి రాకెట్, చిన్న రోహిణి-125, 1971 అక్టోబరు 9న లేచింది.